వదిన కోరుకున్న గోల

పోయిన మంగళవారం తెల్లవారుతుండగా అన్నయ్య ఫోన్ చేసి, "మీ వదిన వెళ్లిపోయిందిరా" అన్నాడు. కొన్నాళ్లుగా ఆస్పత్రిలోనే ఉంది కాబట్టి అనుకోని మాట కాదు. అయినా ఆ రోజు ఏ పనికీ చేయి సాగలేదు. రోజువారీ జమాఖర్చు తప్ప నేనేదీ రాసి ఎరగను. ఆమె గురించి మాత్రం నాలుగు మాటలు రాయాలనిపించింది.

వదిన వారమంతా ఈ పరాయి దేశపు బడిలో పాఠాలు చెప్పి, శనివారాలు నేవన్ ఊళ్లో ఒక హాల్లో మన పిల్లలకు తెలుగు నేర్పేది. అక్కడ కుర్చీలు వేయడం, టీ కాయడం నా వంతు. "ఏం మరిదీ, నోరు ఇంట్లో పెట్టి తాళం వేసొచ్చావా?" అని నన్ను ఆటపట్టించేది. ఆలస్యంగా వచ్చిన పిల్లలను మందలించేది కాదు. కారణం అడిగి, "అబద్ధమైనా ఫర్వాలేదు, తెలుగులో చెప్పు" అనేది. ఒకసారి ఒకడు, దారిలో ఆవు బస్సెక్కిందన్నాడు. అది టికెట్ కొన్నదా అని అడిగింది వదిన. ఆ రోజు హాలంతా ఒకటే గోల.

అలాంటి మనిషి, తరగతి క్రమశిక్షణ మీద కాలేజీలో పరిశోధన మొదలుపెట్టాక పద్ధతి మార్చింది. కుదురుగా కూర్చున్నవాళ్లకు స్టార్ అంటించసాగింది. కొద్ది వారాల్లోనే హాలు ప్రశాంతమైపోయింది. తల్లిదండ్రులు మెచ్చుకున్నారు. వదిన కూడా సంబరపడింది, పరిశోధన దాదాపు రాసేసింది. ఒక శనివారం, ఇంట్లో జరిగిన సంగతి ఏదైనా చెప్పమంటే ఎవరూ నోరు విప్పలేదు. చివరికి ఒక పాప, మాట్లాడితే స్టార్ పోతుందా టీచర్ అని ఇంగ్లీషులో అడిగింది.

ఇంటికొచ్చాక వదిన అన్నం తినలేదు. రాసింది కాలేజీకి ఇచ్చేయమన్నాడు అన్నయ్య. పిల్లలు కుదురుకున్న మాట నిజమే కదా అన్నాడు. మళ్లీ మొదలుపెడితే ఇంకో ఏడాది పడుతుందని, బడిలో ఖాళీ అయిన పెద్ద ఉద్యోగం చేజారిపోతుందని నచ్చజెప్పాడు.

"వాళ్ల నోరు మూయించానని రాసి పట్టా తెచ్చుకోనా? నేను అక్కడికి వెళ్లేదే ఆ నోళ్లు తెరిపించడానికి" అంది వదిన.

స్టార్లు తీసేసింది. తన పద్ధతి ఎక్కడ బెడిసికొట్టిందో దాచకుండా మొత్తం తిరగరాసింది. ఆ ఉద్యోగం వేరే టీచరుకు వెళ్లింది. పట్టా ఏడాది ఆలస్యంగా వచ్చింది. వేదిక మీద మా ఇంటిపేరు తప్పుగానే పలికారు. అయినా నా ఛాతీ ఉప్పొంగింది. తన పొరపాటును తన పేరుతోనే రాసిన మనిషి మా ఇంటిది.

మొన్న ఇంట్లో ప్రార్థన ముగిశాక తరగతి పిల్లలంతా మెట్ల మీద చేరి మాటలు మొదలుపెట్టారు. ఒక ఆంటీ "ష్" అన్నారు. "మాట్లాడనివ్వండి" అన్నాడు అన్నయ్య, వెళ్లి కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఒక చిన్నపాప అతని పక్కన ఇరుక్కుని, "అంకుల్, టీచర్‌కి నేను చాలా చెప్పాను. అన్నీ వినింది" అంది. ఏం చెప్పావమ్మా అని అడిగాడు అన్నయ్య. పాప ఇంకా మాటలు వెతుక్కుంటూ ఉండగానే పై మెట్ల మీంచి, "అలా కాదు, నేను చెప్తా" అంటూ ఇద్దరు ముగ్గురు ఒక్కసారే అందుకున్నారు.