మా అత్త నోట రాని మాట

ఎమ్మిగనూరులో మా పుట్టింట్లో ‘ఏదో’ అనే మాట కూరలో ఉప్పులాగా రోజూ వాడేవాళ్ళం. ఎవరైనా వాకిట్లో ఆగి “ఏం, బాగుండారా?” అని పలకరిస్తే మా అమ్మ జవాబు ఒక్కటే: “ఆ, ఏదో ఉండాం.” నాన్న మగ్గం మీద నుంచి దిగిన చీరను చూసి నలుగురూ మెచ్చుకున్న రోజు కూడా ఏదో ఉండాం. అన్నకు బడిపంతులు ఉద్యోగం వచ్చిన రోజు కూడా ఏదో ఉండాం. బాగున్నామని నోరు జారితే, వినేవాళ్ళ కళ్ళు ఎలాంటివో ఎవరికి తెలుసు? నరదృష్టికి నల్లరాళ్ళు పగులుతాయని అమ్మ నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనూ మూట కట్టుకుని డెబ్బైల చివర్లో ఆదోనికి కాపురానికి వచ్చాను.

మా ఆయన మిల్లులో పత్తి బేళ్ళు కట్టే చోట పనిచేసేవాడు. మా అత్త పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లులో కూలి. భర్త పోయాక చిన్నపిల్లవాణ్ణి చంకనేసుకుని, కరువుకు సొంతూరు కోసిగి వదిలి వచ్చిన మనిషి. నేను వచ్చిన మూడో రోజో నాలుగో రోజో పక్కింటామె గోడ మీంచి “ఏమక్కా, బాగుండావా?” అంది.

“శానా బాగుండాను! కోడలొచ్చింది, పొద్దున లేస్తానే కాపీ సేతికిస్తాంది. ఇంకేం గావల్ల నాకు?” అంది మా అత్త, వీధి చివరిదాకా వినపడేలా.

ఆ సాయంత్రం ఎవరూ చూడకుండా గుప్పెట్లో ఉప్పు పట్టుకుని నాకు నేనే దిష్టి తీసుకున్నాను.

నిజం చెప్పాలంటే మొదటి ఏడాదంతా నాకు ఆమె మీద కోపమే. నాది మొదటి నుంచీ ముక్కు మీద కోపం. పొద్దంతా దుమ్ములో నిలబడి, జుట్టు నిండా దూదిపింజలతో ఇంటికి వచ్చిన మనిషి కాస్త అలసిపోయినట్టయినా కనపడాలి కదా! ఈమె కాళ్ళు కడుక్కుని వాకిటి అరుగు, తిన్నె మీద కూర్చుని, ఆ రోజు మిల్లులో ఎవరు ఎవరిని ఏమన్నారో వాళ్ళ గొంతులతో సహా చెప్పి, అందరికన్నా ముందు తనే నవ్వేది. ఆదివారం బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెప్పించి వాకిలి బార్లా తెరిచిపెట్టి తినేది. తలుపేసుకుందాం అత్తా అంటే “దొంగసొమ్మా ఏమన్నా?” అనేది. అలాగని కష్టాన్ని దాచే రకమూ కాదు. మిల్లు మూసేసిన రోజుల్లో ఏడ్చేది, తిట్టేది, అదీ వాకిట్లోనే. బాగున్న రోజున మాత్రం బాగున్నానని చెప్పి తీరేది. ఈమె నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన దగ్గర సణిగేదాన్ని.

అందుకే మొదటిసారి నెల తప్పినప్పుడు ఆమెకు చెప్పలేదు. ఐదో నెల దాకా మొగుడికి తప్ప ఎవరికీ చెప్పొద్దని అమ్మ కట్టడి చేసింది. మూడో నెలలోనే పోయింది. కడుపునొప్పి అని రెండు రోజులు పడుకుని లేచాను. మరుసటేడు మళ్ళీ అంతే. ఇద్దరు పిల్లలు, వచ్చినట్టూ బయట ఎవరికీ తెలియదు, పోయినట్టూ ఎవరికీ తెలియదు. రెండోసారి పెరట్లో నేను నెత్తురు మరకల బట్టలు పిండుతుంటే అత్త చూసి అర్థం చేసుకుంది. ఎందుకు చెప్పలేదని దులిపేస్తుందనుకున్నాను. “ఒక్కదానివే ఏడ్సినావా?” అని మాత్రం అడిగింది. బకెట్టు నా చేతిలోంచి తీసుకుని మిగిలిన బట్టలు తనే పిండి ఆరేసింది.

మూడోసారి ఆమే ముందు పసిగట్టింది. తిరగమాత వాసనకు నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం చూసి పొయ్యి దగ్గర నుంచి లేచింది. మొహం వెలిగిపోతోంది. నేను గబుక్కున చేయి పట్టుకున్నాను.

“నీ కాళ్ళు మొక్కుతా అత్తా, ఎవురికీ సెప్పొద్దు. ఈసారన్నా నిలబడనీ.”

ఆమె నన్ను కూర్చోబెట్టి తనూ ఎదురుగా కూర్చుంది. “మీ మామ నాతో పదకొండేండ్లు ఉండినాడు” అంది. “అప్పుడు ఎవురడిగినా ఏదో ఉండామనే సెప్పినా నేను గూడా. మాయమ్మ గూడా మీయమ్మ మాదిరే నేర్పించింది. ఆయప్ప పోయినాక తెలిసింది, ఆ పదకొండేండ్లూ మేం బాగుండినామని. మనిషి పోయినాక తెలిస్తే ఎవురికి సెప్పల్ల?”

“నీ కడుపు, నీ ఇష్టం. నువ్వు సెప్పేదాంక నా నోట్లోంచి మాట రాదు” అని లేచి పొయ్యి దగ్గరకు పోయింది.

రాలేదు కూడా. ఆ తర్వాతి మూడు రోజులూ ఆమె అవస్థ చూడాలి. పక్కింటామె పలకరిస్తే నోరు తెరిచేది, నన్ను చూసేది, మూసుకునేది. మిల్లు నుంచి వచ్చి తిన్నె ఎక్కకుండా నేరుగా లోపలికి వచ్చేసేది, కూర్చుంటే ఎక్కడ చెప్పేస్తుందోనని. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. నా మాట కోసం తన స్వభావాన్నే అలా బిగపట్టుకున్న మనిషిని నేను పుట్టింట్లో కూడా చూడలేదు.

నాలుగో రోజు గాజులమ్మే బీబీ మా వాకిట్లో గంప దించింది. “ఏం కోడలా, బాగుండావా?” అంది అలవాటుగా. ‘ఏదో’ నాలుక చివరికి వచ్చేసింది. తలుపు దగ్గర అత్త, నేను అబద్ధమాడటం తను వినకూడదన్నట్టు, గోడవైపు తిరిగి నిలబడింది.

“బాగుండాను బీబమ్మా. మూడో నెల నాకు” అన్నాను.

అనేశాక కూడా భయం ఎక్కడికీ పోలేదు. కానీ నెలల తరబడి లోపల అణచిపెట్టిన సంతోషం కూడా బయటికి వచ్చింది. బీబీ “యా అల్లా, ముబారక్ బేటీ!” అని నా చేయి లాక్కుని పచ్చగాజులు ఎక్కించింది. వెనక నుంచి అత్త నవ్వు వినిపించింది. మూడు రోజుల బాకీ ఒకేసారి తీర్చుకున్నట్టు నవ్వింది.

ఆ తర్వాత నాలుగు నెలలు నేను మహారాణిని. మిల్లు ఆడవాళ్ళు మామిడికాయలూ చింతచిగురూ అత్త కొంగున కట్టి పంపేవాళ్ళు. ఆమె రాగానే నా పొట్ట మీద చేయి పెట్టి “ఈ పొద్దు మీ అవ్వ మేస్త్రీకి యట్ల గడ్డి పెట్టిందో ఇను” అని మొదలుపెట్టేది. బిడ్డ కదిలిన రోజు తిన్నె మీదున్న ఆడవాళ్ళందరి చేతులూ నా పొట్ట మీద పెట్టించింది. మా ఆయన సిగ్గుతో వీధిలోకి పారిపోయాడు. అప్పుడే బస్సు దిగి వచ్చిన మా అమ్మ ఇదంతా చూసి నెత్తి కొట్టుకుంది.

“దిష్టి తగల్దా వదినా?”

“తగిల్తే తీద్దాంలే వదినా. ఉప్పూ మిరపకాయలూ ఉండేదెందుకు?” అంది అత్త.

ఏడో నెలలో ఒక తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. రిక్షాలో ఆసుపత్రికి తీసుకుపోయారు. పొద్దెక్కేసరికి ఆడపిల్ల పుట్టింది, రెండు అరచేతుల్లో పట్టేంత. సాయంత్రం దాకా ఉంటే గొప్ప అని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. వార్డులో ఆయా, మంచి మనిషే, “సూడొద్దమ్మా, సూస్తే మర్సిపోలేవు” అంది. నేను గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నాను.

అత్త పిల్లను మెత్తటి పాత చీర ముక్కలో చుట్టి తెచ్చి నా పక్కన పడుకోబెట్టింది. “ఇట్ల తిరుగు. ఉండేదాంక సూడు. నీ కోసమే గదా వచ్చింది” అంది. తిరిగాను. నుదుటి మీద సన్నటి నూగు. కుడి చెవి కొంచెం మడత పడి ఉంది. చూపుడు వేలు అందిస్తే పట్టుకుంది. అత్త ఒకపక్క కళ్ళు తుడుచుకుంటూనే దానికి వాళ్ళ నాన్న చిన్ననాటి అల్లరంతా చెప్పింది, మధ్యలో నవ్వింది కూడా. నేనూ నవ్వాను. ఆ రోజు నేను నవ్వగలిగానంటే ఇప్పటికీ నాకే ఆశ్చర్యం. నాలుగు గంటలప్పుడు పిల్ల ఊపిరి ఆగిపోయింది. అప్పుడు అత్త వార్డు అదిరిపోయేలా ఏడ్చింది. ఆమెను నేను మొదటి ఏడాదంతా వెర్రిబాగులదని అనుకున్నాను. అంత గుండె ధైర్యం ఉన్న మనిషిని ఆ ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

అమ్మ మర్నాడు మధ్యాహ్నం బస్సుకు వచ్చింది. అప్పటికి మట్టి చేయడం అయిపోయింది, నన్ను ఇంటికి తెచ్చేశారు. గడప దగ్గరే అత్తను నిలదీసింది. “నేను ముందే సెప్పలా? ఊరంతా టాంటాం ఏస్తే ఇట్ల గాక ఇంకెట్లయితాది?”

అత్త తల వంచుకుంది. ఆమె తల వంచుకోవడం నేను చూడలేకపోయాను. ఒళ్ళు మండిపోయింది.

“ముందు పోయిన ఇద్దరికీ ఎవురి దిష్టి తగిలిందిమా?” అన్నాను మంచం మీద నుంచే. “వాళ్ళ సంగతి బయట ఎవురికీ తెలీదు గదా.”

అమ్మ చెప్పులు విడిచి లోపలికి వచ్చి నా మంచం పక్కన నేల మీద కూలబడింది. నా వైపు చూడకుండా అడిగింది.

“ఎవురి పోలికమే, పాప?”

ముందు ఇద్దరి గురించి ఎవరైనా అడిగినా చెప్పడానికి నా దగ్గర ఒక్క మాట లేదు. దీని గురించి ఉంది. చెప్పడం మొదలుపెట్టాను. ఏడుపుకు నా గొంతు ఆగిపోయిన చోటల్లా అత్త అందుకుని చెప్పింది.