ఆమె ఎద అన్నది, నేను పొట్ట అన్నాను

ఆమె పాలమూరు వైపు నుంచి మొగుడితో కలిసి ముంబయిలో మా వరుస గదుల చాల్‌లో పక్క గదిలోకి వచ్చినప్పుడు నాకు ఇరవై ఐదేళ్లు. బీకాం అయిపోయి, ఫోరస్ రోడ్‌లో ఒక కొరియర్ ఆఫీసులో పనిచేసేదాన్ని. వాళ్లిద్దరూ బిల్డింగ్ పనికి పోయేవాళ్లు. మా ముత్తాత కూడా అలాంటి పనికే ముంబయి వచ్చాడట. నాలుగు తరాలు తిరిగేసరికి మా తెలుగు వంటింటి మాటలకు కుదించుకుపోయింది. నేను చదివింది మరాఠీ మీడియంలో. అమ్మ తెలుగులో అడిగితే సగం మరాఠీలో జవాబిచ్చేదాన్ని.

"నీ తెలుగు ముద్దుగుంటది బిడ్డా, చిన్న పోరగాండ్ల లెక్క" అని ఆమె నల్లా దగ్గర నన్ను చూసి నవ్వేది.

ఒక సోమవారం పొద్దున మా తలుపు కొట్టింది. మొహమంతా చెమట. మొగుడు అప్పటికే పనికి వెళ్లిపోయాడు.

"దవాఖానకు తోల్కపో బిడ్డా. వాళ్ల మాట నాకు రాదు."

ఆఫీసుకు ఫోన్ చేసి, ఆమెను దగ్గర్లోని సర్కారు దవాఖానకు తీసుకెళ్లాను. ఓపీలో ఒకరి మీద ఒకరు పడుతున్నారు. మా వంతు వచ్చాక టేబుల్ దగ్గర కూర్చున్నావిడ ఏమైందని మరాఠీలో అడిగింది.

"ఎదల పట్టేసినట్టు ఐతుంది" అంది ఆమె.

ఎద అన్న మాట నేను అంతకుముందు వినలేదు. మా ఇంట్లో ఛాతీ అనే అంటాం. ఆమె చెయ్యి పక్కటెముకలు ముగిసే చోట ఉంది. మళ్లీ అడిగి ఉండొచ్చు. కానీ వెనక జనం తోస్తున్నారు, పైగా నాకు తెలుగు అర్థం కాలేదని ఆమె ముందు ఒప్పుకోవడానికి సిగ్గేసింది.

"పోటాత్ దుఖ్తయ్" అన్నాను. పొట్టలో నొప్పి అని.

రాత్రి ఏం తిన్నదని అడిగారు. గ్యాస్ మాత్రలు రాసిచ్చారు. ఆమెను గదిలో పడుకోబెట్టి, తలాపున నీళ్ల సీసా పెట్టి ఆఫీసుకు వెళ్లాను. సాయంత్రం మొగుడొచ్చి లేపితే లేవలేదు. గుండెపోటు అన్నాడు డాక్టరు.

ఆ రోజే అమ్మను అడిగాను, "ఎద అంటే ఏంటి?" అని. అమ్మ తన చెయ్యి తీసి గుండెల మీద పెట్టుకుంది. "ఎందుకే?" అంది. నేను చెప్పలేదు.

శవాన్ని ఊరికి తీసుకుపోయే బండి ఎక్కుతూ ఆమె మొగుడు నాకు దండం పెట్టాడు. "నువ్వన్నా తోడు పోయినవ్ తల్లీ" అన్నాడు. ఆ దండం ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

పన్నెండో తరగతిలో నాది సైన్సే. నాన్న పోయాక తొందరగా ఉద్యోగం కావాలని బీకాంకు మారాను. ఇప్పుడు మళ్లీ బయాలజీ పుస్తకం తెరిచి, ఒక నర్సింగ్ కాలేజీకి అప్లికేషన్ పెట్టాను. సీట్లు కొన్నే, వచ్చినవాళ్లు వందల్లో.

"గీ వయసుల మళ్లా పోరగాండ్లతోని కూసుంటవా?" అంది అమ్మ. అంటూనే నా బోనఫైడ్, మార్కుల మెమోలు ట్రంకులోంచి వెతికి తీసింది.

మొదటి ఏడు ఇంటర్వ్యూలో సేవ, త్యాగం అని మరాఠీలో బట్టీపట్టిందంతా అప్పజెప్పాను. సీటు రాలేదు. మరుసటి ఏడు మళ్లీ రాశాను. ఈసారి ఇంటర్వ్యూ చేసే ముగ్గురిలో పెద్దావిడ అడిగింది:

"డిగ్రీ ఉంది, ఉద్యోగం ఉంది. నర్సింగ్ ఎందుకు?"

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎవరితోనైనా చెప్పడం అదే మొదటిసారి.

"నువ్వు నర్సువైతే ఆమె తిరిగొస్తుందా?"

"రాదు మేడమ్."

ఆవిడ ఫైలు మూసి, వెళ్లమంది. అంతా పోయిందనుకున్నాను. వెయిటింగ్ లిస్టులో నా పేరు కనిపించింది. మూడు వారాలకు ఎవరో సీటు వదులుకున్నారని ఫోనొచ్చింది.

అమ్మకు ఆ రోజు అంతా చెప్పాను. "రెండేండ్లు ఒక్కదానివే మోసినవా?" అని నన్ను దగ్గరకు తీసుకుంది. నాకంటే ముందు తనే ఏడ్చింది.

తర్వాత పక్క గది ఆమె మొగుడికి ఫోన్ చేశాను. ఊళ్లోనే ఉన్నాడు. దవాఖానలో నేను మాట తప్పు చెప్పిన సంగతి ఈసారి చెప్పేద్దామనే చేశాను. ముందు సీటు సంగతి చెప్పాను.

"నర్సువైతున్నవా? మంచిగైంది తల్లీ! మా ఆమె ఉంటే చాల్ అంతా చక్కెర పంచుతుండె" అన్నాడు.

"అన్నా..." అన్నాను.

"చెప్పు తల్లీ."

"పానం జాగ్రత్త" అని పెట్టేశాను.

సోమవారం నుంచి క్లాసులు మొదలయ్యాయి. ఆయనకు ఇంకా చెప్పలేదు.