కాశీలో వదిలేసిన ఆనపకాయ

కాశీకి వెళ్ళినవాళ్ళు ఒక కాయనీ ఒక పండునీ అక్కడే వదిలేసి రావాలి, బతికినన్నాళ్ళూ మళ్ళీ తినకూడదు. వదిలేది తమకు బాగా ఇష్టమైనదై ఉండాలన్నది నియమం. పాటించేది ఎంతమందో అందరికీ తెలుసు. కంచరపాలెం నుంచి టూరిస్టు బస్సులో వెళ్ళిన జట్టులో సన్యాసిరాజు కాకరకాయనూ కివీ పండునూ గంగలో వదిలి, చేతులు దులుపుకొని పైకొచ్చాడు. కాకరకాయంటే ఆయనకు చిన్నప్పటి నుంచీ కిట్టదు. కివీ పండు ఆయన జన్మలో తిన్నది లేదు. ఆ బస్సు మొత్తానికి నిజాయితీగా వదిలింది కాశమ్మ ఒక్కతే. తనకు ప్రాణమైన ఆనపకాయను వదిలేసింది. కోడలు హిమబిందు కష్టాలు ఆ నిజాయితీతోనే మొదలయ్యాయి.

హిమబిందు ఒక లాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. పొద్దున్నే పరగడుపున వచ్చే జనం చేతులకు రబ్బరు పట్టీ కట్టి, నరం వెతికి, నొప్పి తెలియకుండా సూది దించడంలో ఆమెకు మంచి పేరుంది. మొగుడు గోపి పోర్టులో ట్రైలర్ నడుపుతాడు. కొన్నేళ్ళ కిందట అతనికి డెంగ్యూ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయాయి. అప్పుడు కాశమ్మ ఎలమంచిలి అవతల పల్లె నుంచి పరుగున వచ్చి, కొడుకు లేచి తిరిగితే కాశీలో ఆనపకాయ వదిలేస్తానని మొక్కుకుంది. గోపి లేచాడు. సెలైన్లూ రక్తమూ ఎక్కించింది డాక్టర్లైనా, పేరు ఆనపకాయకు వచ్చింది.

ఇప్పుడు కిడ్నీలు పాడై కాశమ్మ కొడుకింట్లోనే ఉంటోంది. ఉప్పు తగ్గించాలి. ఆకుకూరలు, టమాటా, ములక్కాడ, బంగాళాదుంప, ఎండుచేపలు, ఆవకాయ ఒద్దు. ఒంట్లో పొటాషియం పెరిగితే ఏమవుతుందో హిమబిందుకు ఎవరూ చెప్పనక్కరలేదు, ఆ అంకెలు ఆమె మిషన్లోంచే బయటికొస్తాయి. కానీ ఈసారి డాక్టరు పొటాషియం సంగతి ఎత్తలేదు. "ఆవిడ తినడం లేదమ్మా. చిక్కిపోతున్నారు. రేపు డయాలసిస్ పెట్టాల్సొస్తే ఈ ఒంటితో తట్టుకోలేరు. రకరకాలుగా వండి ఎలాగైనా తినిపించండి" అన్నాడు.

రకరకాలుగా. ఆ మాట అనేసి ఆయన తర్వాతి పేషెంటును పిలిచాడు.

ఏ రకాలు? బీరకాయ, పొట్లకాయ, దొండకాయ, క్యాబేజీ. హిమబిందు వాటినే పాలు పోసి వండింది, కొబ్బరి లేకుండా వేయించింది, పచ్చడి చేసింది, నిమ్మరసం పిండింది. ఫోనులో వీడియోలు చూసింది. వాటిలో ఒకావిడ నవ్వుతూ, ఇంట్లోవాళ్ళకు తిండి విసుగు పుట్టకుండా వారం మొత్తం ఎలా ప్లాన్ చేసుకోవాలో చెప్పింది. ఆవిడ వంటింట్లో పనీరూ పుట్టగొడుగులూ రంగురంగుల కాప్సికమూ ఉన్నాయి. కాశమ్మ లాంటి అత్త మాత్రం లేదు.

"ఇదేటే?" అంది కాశమ్మ కంచం చూసి.

"బీరకాయ అత్తా. కొత్తగా చేశాను."

"కొత్తేటి? నిన్న బీరకాయ నీల్లు, ఇయాల బీరకాయ ముద్ద. రేపు ఉండ సేసి పెడతావేటి?"

"నాలుగు ముద్దలు తిను, నీకు దండం పెడతాను."

"నా నోరు సచ్చిపోనాదే పిల్లా. నీ తప్పేటి నేదు." రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది.

పక్క వాటా పుష్పకుమారి ఆస్పత్రిలో నర్సు. ఆ సాయంత్రం గుమ్మంలో నిలబడి హిమబిందు గోడంతా విని, "అదేటి వదినా, ఆనపకాయ పెట్టొచ్చు కదా. కిడ్నీ వాళ్ళకి అంతకన్నా మంచిదేటుంది?" అంది.

"కాశీలో వదిలేసింది."

"మాకైతే ఈస్టర్ ముందు నలభై రోజులే మాంసం మానేది. పండగ నాడు మా ఆయన మైఖేల్ పొద్దున్న ప్రార్థనలోనే కోడి మసాలా గురించి ఆలోచిస్తాడు. మీకు జీవితాంతమేటి, మరీ అన్యాయం! ఎవరో ఒకరు రద్దు చెయ్యలేరా?"

చెయ్యగలరేమోనని హిమబిందు అత్తను సింహాచలం తీసుకెళ్ళింది. అక్కడి పూజారి ఒకాయన ఓపిగ్గా విన్నాడు. రోగికి నియమం లేదనీ, మందు అనుకుని తినొచ్చనీ, ఆ పాపం ఏదైనా ఉంటే తనకే రానిమ్మనీ అన్నాడు. అంతకంటే ఎవరేం చెప్పగలరు? హిమబిందు తేలికపడిన మనసుతో అత్త మొహం చూసింది.

మెట్లు దిగుతూ కాశమ్మ అంది: "ఆ బాబు మంచోడే. ఆయనకేటి? జొరంతో పడున్నది ఆయన కొడుకు కాదు కదా."

"అత్తా, జ్వరం తగ్గింది ఇంజెక్షన్లతో. నేనక్కడే ఉన్నాను."

"నువ్వు ఇంజీసను సూసినావు, నాను మొక్కినాను. ఏది పన్జేసిందో నీకెరికా?"

హిమబిందుకు ఒళ్ళు మండిపోయింది. దేవుడే వచ్చి తినమన్నా తినని మొండితనానికి భక్తి అని పేరు పెట్టి ఊళ్ళో అందరూ మెచ్చుకుంటారు, వండేది మాత్రం తను. ఆ రోజే రైతుబజారులో లేత ఆనపకాయ కొంది. చెక్కు తీసి, సన్నగా కోరి, నీళ్ళు పిండి, బియ్యప్పిండిలో కలిపి, ఉల్లిపాయా పచ్చిమిర్చీ వేసి పెనం మీద పలచగా అట్టు పోసింది. అంచులు కరకరలాడేలా కాల్చింది.

"ఏటేసినావు?"

"దోసకాయ."

కాశమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగింది. హిమబిందు చేతిలోని అట్లకాడ కూడా ఆగింది. "ఇంకోటి పొయ్యి" అంది కాశమ్మ.

ఆ తర్వాత ఇల్లు మారిపోయింది. ఆనపకాయ ఇడ్లీలో దూరింది, రొట్టెలో దూరింది, పాలు పోసిన పాయసంలో సేమ్యా చాటున దాక్కుంది. వీడియోల ఆవిడ చెప్పిన వైవిధ్యమంతా ఒక్క కాయతోనే వచ్చేసింది. కాశమ్మ గుమ్మంలో కూర్చుని పుష్పకుమారితో, "మా కోడలి సెయ్యి ఇప్పుడు తిరిగినాది" అని చెప్పుకుంది. మొహంలో కొంచెం కళ వచ్చింది. హిమబిందు అబద్ధం ఆడుతున్నానని బాధపడలేదు. అబద్ధం తిని మనిషి బతుకుతుంటే నిజాన్ని ఎక్కడ పెట్టుకోవాలి?

ఒక వాన సాయంత్రం కాన్వెంట్ జంక్షన్ దగ్గర గోపి బైకు జారింది. రోడ్డు మీద పోర్టు బొగ్గు మసి, దాని మీద వాన, బైకుకు అరిగిపోయిన టైరు. మార్చమని హిమబిందు చెబుతూనే ఉంది, అతను రేపు రేపు అంటూనే ఉన్నాడు. వెనక వస్తున్న లారీ డ్రైవరు సమయానికి బ్రేకు తొక్కాడు. గోపి ముంజేయి విరిగింది. ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని ఆటోలో ఇంటికొచ్చాడు.

కాశమ్మ కొడుకు తల నిమిరి, కాళ్ళు నిమిరి, కట్టు మీద చెయ్యి వేసింది. "లారీ కిందకెల్లిపోవాల్సినోడు సేతితో బైటపడ్డాడు. నా మొక్కు సల్లగుండబట్టి. నాను నోరు కట్టుకున్నాను కాబట్టి వోడు దక్కినాడు" అంది కోడలి వైపు తిరిగి. "ఇప్పుడు నమ్ముతావా?"

హిమబిందు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

టైరు అరిగింది కాబట్టి జారింది. అది ఆమెకు తెలుసు. పొటాషియం అంకె తెలిసినంత కచ్చితంగా తెలుసు. లాబ్‌లో ఎవరైనా ఇలాంటి మాట అంటే నవ్వేది. అయినా, లారీ ఇంకో జానెడు ముందుకొచ్చి ఉంటే అన్న చోట ఆలోచన ఆగిపోయి, ఎంత నెట్టినా ముందుకు కదల్లేదు.

మర్నాడు కాశమ్మే అడిగింది. "నిన్న రేతిరి గాబరాలో ఏటీ తిన్నేదే. ఆ దోసకాయట్టు పొయ్యి. అదైతే తింతాను."

హిమబిందు ఫ్రిజ్‌లోంచి ఆనపకాయ తీసింది. చెక్కు తీసింది. కోరాం చేతిలోకి తీసుకుంది. అవతలి గదిలోంచి గోపి పిలిచాడు. "బిందూ, ఓపాలి ఇలా రా. ఈ సొక్కా సెయ్యి ఎక్కట్లేదు." వెళ్ళి చొక్కా తొడిగింది. కట్టు కింది వేళ్ళు వాచి ఉన్నాయి. తిరిగి వచ్చాక ఆ కాయను ముట్టుకోలేకపోయింది. తనను తాను తిట్టుకుంది, డిగ్రీ చదివిన బుద్ధిని తిట్టుకుంది, మళ్ళీ కోరాం పట్టుకుంది, మళ్ళీ దింపింది. చివరికి పుష్పకుమారి ఇంట్లోంచి నిజంగానే ఒక దోసకాయ అడిగి తెచ్చింది. అదే పిండి, అదే ఉల్లిపాయ, అదే పెనం. అంచులు మరింత ఎర్రగా కాల్చింది.

కాశమ్మ ఆశగా ఒక ముక్క తుంచుకుంది. నమిలింది. రెండోది సగంలో ఆపేసింది.

"దోసకాయ ఎయ్యనేదేటే?"

"వేశాను అత్తా. దోసకాయే."

"మరైతే ఇలగున్నాదేటి? సప్పగున్నాది. అదే ఒండాల పిల్లా, నిన్నటి దాకా పోసినావు కదా, అదే." కంచం పక్కకు జరిపి, గోడకు చేరబడి కళ్ళు మూసుకుంది.

హిమబిందు ఆమె ముందు కింద కూర్చుని, కంచం మళ్ళీ దగ్గరికి లాగి, చిన్న ముక్క తుంచి ఆ నోటి దగ్గర పట్టుకుంది.

"ఇదొక్కటి తిను అత్తా. ఈ ఒక్క ముక్కా తిను."