టార్పాలిన్ కప్పని తారు

ఈ రోజు మధ్యాహ్నం తమ్ముడికి అన్నం తీసుకుని రాయదుర్గం వెళ్లాను. పాత రోడ్డును తవ్వి, ఆ తారు కంకరనే మళ్లీ వేడిచేసి రోడ్డు వేసే పని వాడిది. పాత తారు కదా, వేడి తగ్గితే రోలర్ కింద అణగదు. ఇంకో లోడు చెడితే వాడి పని తీసేస్తామని కంపెనీవాళ్లు ముందే చెప్పారట.

వేడి కంకర తెచ్చే లారీ కొండాపూర్ ట్రాఫిక్‌లో ఆగి, అకాల వానలో తడిసి వచ్చింది.

"టార్పాలిన్ ఎందుకు కప్పలే?" అని తమ్ముడు అరిచాడు.

"పొద్దుగాల గంత ఎండ కొట్టె. ఏం సల్లారుతదిలే అనుకున్నన్నా," అన్నాడు డ్రైవర్.

ఇంజనీరు వేడి కొలిచి లోడు వెనక్కి పంపేశాడు. "అక్కా, ఇగ అయిపోయింది," అంటూ తమ్ముడు కూలబడ్డాడు.

తువ్వాలు చుట్టి తెచ్చిన అన్నం ఇంకా వేడిగానే ఉంది. వాడు ముట్టలేదు.

నేను బతిమాలితే రేపు ఇంకొక్క లోడు చూస్తామని ఒప్పుకున్నారు. వాన పడొద్దని మీరూ దేవుడికి ఒక మాట చెప్పండి. డ్రైవర్‌కు నేను చెబుతాను.