ఒనామి కట్టిన గడ్డిముడులు

మా అంగ్యో ఊళ్ళో చెర్రీ అంటు కట్టే ఆడవాళ్ళలో ఒనామి ఒక్కదానిదే ఎడమచేతి వాటం. అంటు అతుకు మీద నానబెట్టిన వరిగడ్డిని అందరూ కుడికి చుడితే ఆమె ఎడమకి చుట్టేది.

మా మొక్కల తోటల్లో అంటు కట్టిన రోజున కూలి ఇవ్వరు. వానలు తగ్గాక, బతికిన అంట్ల మీది ముడులు చూసి ఎవరివి ఎన్నో లెక్కకట్టి ఇస్తారు. యజమాని పోతే, ఆ కూలి ఎవరు తమ చేత్తో ఇస్తే తోట వారిది. ఆ ఏడు ముసలి యజమాని మగోబెయి తోట ఎవరిదో చెప్పకుండానే పోయాడు. కొడుకులిద్దరూ డబ్బు సంచులతో తోట గట్టు మీదికి వచ్చారు.

"పెద్దవాణ్ణి, నేనిస్తాను," అన్నాడు హెయిజో.

"పట్నంలో టీ తాగుతూ కూర్చున్నావు, నడుం వంచింది నేను. సంచి మూసెయ్ అన్నయ్యా," అన్నాడు యాసుకె.

ఒకడు లెక్క మొదలుపెడితే రెండోవాడు అడ్డం. అలా ఇరవై రోజులు. ఒనామికి చలికాలం బియ్యం ఆ కూలితోనే రావాలి. ఈలోగా కాండాలు లావెక్కి, గడ్డి బెరడులోకి కోసుకుపోతోంది. ఒక ఉదయం ఆమె కత్తి తీసి ముడులు తెంపడం మొదలుపెట్టింది.

"మతి పోయిందా అత్తా? ముడి లేకపోతే కూలికి సాక్ష్యమేదీ?" అంది తోటి కూలి ఒతకె.

"పిల్లలకి మెడ బిగుస్తుంటే సాక్ష్యం చూసుకోమంటావా?"

ఒతకె సణుగుతూనే తన ముడులూ తెంపింది.

అన్నదమ్ములు పరుగున వచ్చారు. "ఎంత పని చేశావవ్వా! ఇప్పుడు ఎవరికెంతని ఇవ్వాలి?" అని యాసుకె తల పట్టుకున్నాడు.

"మీ నాన్నయితే ఈపాటికి కూలితో పాటు ముల్లంగి ఊరగాయ కూడా ఇచ్చి పంపేవాడు. మీకు పోట్లాటతోనే తీరదాయె," అంది ఒనామి.

హెయిజో కింద కూర్చుని, ముడి తెగిన కాండాన్ని బొటనవేలితో తడిమాడు. గడ్డి దిగిన గాడి, ఎడమకి వాలి ఉంది.

"ఇది అవ్వది," అన్నాడు మెల్లగా. "మనం ఆలస్యం చేయబట్టే ఇంత లోతుకి దిగింది."

ఎడమ గాడులు అవ్వవి, కుడి గాడులు ఒతకెవి, ముడులున్నవి మిగతావాళ్ళవి అని అతను ఆ చివర నుంచి లెక్కపెడుతుంటే, అన్న ముగించేస్తాడేమోనని యాసుకె ఈ చివరికి పరుగెత్తాడు. సాయంత్రానికి ఇద్దరూ ఒకే చెట్టు దగ్గర ఎదురుపడ్డారు. ఎవరు లెక్కపెట్టిన చెట్లకు వారు కూలి ఇచ్చారు. తోట అక్కడే రెండయింది.

"మరి దీని కూలి ఎవరివ్వాలి?" అని మధ్య చెట్టు చూపించి అడిగాడు యాసుకె.

"దీనికి కూలొద్దు. చెట్టే నాకొదిలెయ్యండి," అంది ఒనామి.

ఇద్దరూ ఒకేసారి తలూపారు.