చన్నీళ్ళ పెద్దమ్మ

కోట వెనక బట్టలుతికే ఆవిణ్ణి అందరూ చన్నీళ్ళ పెద్దమ్మ అనే పిలుస్తారు. రాజుగారి దుప్పట్ల నుంచి సిపాయిల చొక్కాల దాకా ముప్పై ఏళ్ళుగా ఆవిడ చేతుల్లోనే తెల్లబడ్డాయి. బట్టల సోడా నీళ్ళలో నాని నాని ఆ చేతులకు గోళ్ళు అరిగిపోయాయి, వేళ్ళ సందులు పగిలాయి. మరకను ముక్కుకు ఆనించుకుని అది నూనెదో పండుదో చెప్పేస్తుంది. పక్కవాళ్ళెవరైనా నెత్తురు మరక మీద వేడినీళ్ళు పోయబోతే, "ఆగవే తల్లీ! ఉడుకు తగిలిందా, నీ తాత దిగొచ్చినా పోదది. చన్నీళ్ళు పట్రా" అని కసురుతుంది.

రాజు పారిపోయి మూడు నెలలైంది. మూటలు రావడం మాత్రం ఆగలేదు. ఆ దుప్పట్ల మీద ఇప్పుడు కొత్త పెద్దలు పడుకుంటున్నారు. తిరుగుబాటు రోజున కోట గుమ్మం దగ్గర చనిపోయినవాళ్ళ పేర్లు రాతి మీద చెక్కిస్తున్నారని విని, కొడుకు పేరు రాయించడానికి ఆవిడ కచేరీకి వెళ్ళింది. కూర్చోమన్నా, తడి చీర కుర్చీకి అంటుతుందని నిలబడే ఉంది. గుమాస్తా చెడ్డవాడేం కాదు. "శవం దొరకలేదంటున్నావు, చూసినవాళ్ళూ లేరు. వాడు అక్కడే పోయాడనడానికి గుర్తేదైనా ఉందా పెద్దమ్మా?" అని మెల్లగానే అడిగాడు.

"ఉండే ఉంటుంది బాబూ. శవాలను బండ్లకెత్తిన సిపాయిల చొక్కాలు ఆ సాయంత్రమే నా దగ్గరికొచ్చాయి. మావాడు అక్కడికెళ్ళాడని నాకప్పటికి తెలీదు. ఒక్క మరక మిగలకుండా ఉతికేశాను. బాగా ఉతికానని మెచ్చుకున్నారు కూడా."