లోపలి గడియ

రాష్ట్ర వికలాంగుల మండలిలో నేను సభ్యురాలిని. నాదీ చక్రాల కుర్చీయే. ఆదిలాబాద్‌లో ఒక సమావేశం జరిగినప్పుడు, సొంతంగా విడిగా ఉండాలనుకునే వికలాంగుల కోసం కట్టబోయే ఇంటి నమూనా చూపించారు. ర్యాంపు ఉంది, తలుపులు వెడల్పుగా ఉన్నాయి, బాత్‌రూంలో పట్టుకోవడానికి కడ్డీలున్నాయి. గడియలు మాత్రం అన్ని తలుపులకూ బయటే ఉన్నాయి.

"లోపల గడియ ఏది?" అన్నాను.

"లోపల పడిపోతే ఎట్ల మేడం? అందుకే పెట్టలే," అన్నాడు ఇంజనీరు.

నాకు ఒళ్లు మండింది. "మీరు గూడ బాత్‌రూంల జారి పడొచ్చు. మీ ఇంట్ల గడియ పీకేసిండ్రా?"

కుర్చీలో కూర్చున్న మనిషికి అందే ఎత్తులో లోపల గడియ ఉండాలని రాయించేదాకా నేను అక్కణ్ణుంచి కదల్లేదు. మా మండలి పనిలో సగం ఇలాంటి గొడవే.

మొదటి ఇల్లు లక్సెట్టిపేటలో బట్టలు నేసే ఒక కుటుంబంలోని అమ్మాయికి వచ్చింది. పుట్టింట్లో ఆమె మంచం మరమగ్గాలకు పోయే దారిలో ఉండేది. బట్టలు మార్చుకోవాలన్నా వాళ్లవ్వ దుప్పటి అడ్డం పట్టాల్సిందే.

తాళంచెవి ఇచ్చిన రోజు నేనూ వెళ్లాను. ఆమె నేరుగా లోపలికి పోయి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది. వాళ్ల బాపు గాబరాగా తలుపు తట్టాడు.

"ఏమైంది బిడ్డా? తలుపు తియ్యి."

"ఏం కాలే బాపూ. జర ఆగు," అంది లోపలి నుంచి.

ఆయన చెయ్యి దించి, నా కుర్చీ పక్కన నిలబడ్డాడు. బిడ్డ తలుపు తీసేదాకా ఆగడం ఆయనకు అదే మొదటిసారి.